రాజధాని లేఖ: ఆదివారపు విద్యార్థులు

ఆదివారం ఉదయం ఢిల్లీలోని కొన్ని కళాశాలల ద్వారాల వద్ద నిలబడి చూస్తే, లోనికి పోయే విద్యార్థులలో తల నెరసినవారు కనిపిస్తారు. టిఫిను డబ్బా పట్టుకొన్న గృహిణులు, సచివాలయ గుమాస్తాలు, దుకాణాలలో లెక్కలు చూసేవారు కనిపిస్తారు. వీరు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రాలకు వచ్చేవారు. వారిలో పలువురు వ్యాపార నిర్వహణను, కంప్యూటరు సమాచార వ్యవస్థలను కోరి చదువుతున్నారు.

ఈ ఎంపికకు కారణం లేకపోలేదు. నిన్నటి గుమాస్తా లెడ్జరు రాసేవాడు. నేటి గుమాస్తా అదే లెక్కను కంప్యూటరులోనికి ఎక్కిస్తున్నాడు. ఆ లెక్క ఎక్కడికి పోతున్నది, దానిని చూచి పైవారు ఏ నిర్ణయం చేస్తున్నారు అన్నది తెలిసినవాడు అధికారి కాగలడు. తెలియనివాడు పదవీ విరమణ వరకు అంకెలు ఎక్కిస్తూనే ఉండవలసి వస్తుంది. కావున ఇది కేవలం విజ్ఞాన తృష్ణ కాదు. జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న.

ఈ ద్వారం తెరిచిన ఘనతలో తెలుగువారికి పెద్ద భాగమే ఉన్నది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న స్వల్పకాలంలో, హైదరాబాదులో వెలసింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట నడుస్తున్నది. దానికి తొలి ఉపకులపతి ఆచార్య జి. రామ్ రెడ్డి. పార్లమెంటు చట్టంతో 1985లో జాతీయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, దానిని నిలబెట్టే బాధ్యతను కూడా ఆయనకే అప్పగించారు. 1987లో అది ఆరంభించిన మొదటి రెండు కోర్సులలో ఒకటి నిర్వహణ శాస్త్ర డిప్లొమా. ఆ రెండింటిలో కలిపి చేరినవారు 4,528 మంది.

1985వ సంవత్సరానికి మరొక విశేషమూ ఉన్నది. కేంద్ర ప్రభుత్వ పరిపాలనా కార్యాలయాలకు వారానికి ఐదు రోజుల పని ఆ ఏడాది జూన్ నుండే అమలులోకి వచ్చింది. అనగా విశ్వవిద్యాలయం ఏర్పడిన యేడే సచివాలయ గుమాస్తాకు శనివారం కూడా దక్కింది. కరోల్‌బాగ్ దుకాణంలో పనిచేసేవానికి మాత్రం దక్కలేదు. వానికి చట్టం ఇచ్చినది వారానికి ఒక్కరోజు సెలవే.

ఇక్కడ కొంచెం గణితం అవసరం. ఈ విశ్వవిద్యాలయపు లెక్కలో ఒక క్రెడిట్ అంటే ముప్పయి గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. అర్ధ సంవత్సరానికి నాలుగు పేపర్లు తీసుకొంటే 480 గంటలు, అనగా ఇరవైయారు వారాలపాటు వారానికి పద్దెనిమిది గంటలకు పైగా. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసి, రెండు గంటలు బస్సులలోనూ మెట్రోలోనూ గడిపేవాడు ఈ పద్దెనిమిది గంటలను ఎక్కడి నుండి తేవలెను? నిద్ర నుండో, బిడ్డలతో గడిపే వేళ నుండో తేవలసిందే. స్త్రీలకైతే ఆఫీసు పని ముగియగానే ఇంటిపని ఎదురుచూస్తూ ఉంటుంది.

ప్రభుత్వోద్యోగులకు 1972 నాటి సెలవు నిబంధనలలో విద్యా సెలవు లేకపోలేదు. అయిదేళ్ళ సర్వీసు ఉండవలెను. చదువుకు ఉద్యోగంతో సన్నిహిత సంబంధం ఉండవలెను. సర్వీసు మొత్తానికి సాధారణంగా ఇరవైనాలుగు నెలలు మించరాదు. అయితే అది ఉద్యోగాన్ని కొంతకాలం పక్కన పెట్టి పోయేవానికి పనికివచ్చేది. పని మానకుండా చదువుకొంటూ, వారానికి నాలుగు గంటలు అడిగేవానికి దాని వలన ఒరిగేది తక్కువ.

కష్టపడి సంపాదించిన పట్టా చెల్లుతుందా అన్న భయం మరొకటి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అవసరమైన అనుమతి లేకుండా దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలపై 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టాలను నిలిపివేసి, పరీక్ష నెగ్గి నిలుపుకొనే అవకాశమిచ్చింది. ఆ తరువాత చేరినవారివి రద్దయినవి. తప్పు చేసినవి సంస్థలు. కన్ను మూసుకొన్నది నియంత్రణ యంత్రాంగం. శిక్షలో అధికభాగం చదువుకొన్నవానిపై పడింది. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్యా పట్టాలు రెగ్యులర్ పట్టాలతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. అది సంతోషకరమే. కాని కాగితం మీది సమానత్వం ఇంటర్వ్యూ గదిలోనూ నిలవవలెను.

ఇక అసలు ప్రశ్న. వేతనంతో కూడిన విద్యా సెలవుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లో 140వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. దాని తరువాతివైన 141, 142లను ధ్రువీకరించిన భారతదేశం, 140ని మాత్రం ధ్రువీకరించలేదు. గ్రామీణ కార్మికుల సంఘాలకు, మానవ వనరుల అభివృద్ధికి సమ్మతించిన ప్రభుత్వాలు, పనివేళలలో చదువుకొనే హక్కు దగ్గర ఆగిపోయినవి. నైపుణ్యాల గురించి ఉపన్యాసాలిచ్చే పాలకపక్షాలు గాని, కార్మికుల పేర రాజకీయాలు నడిపే ప్రతిపక్షాలు గాని దీనిని ఎన్నికల సమస్యగా చేయలేదు.

విశ్వవిద్యాలయాన్ని ఇంటి గడప దాకా తెచ్చిన రాజ్యం, పుస్తకం తెరిచే గంటను మాత్రం కార్మికుని నిద్రకే వదలివేసింది. సాయంత్రం అధ్యయన కేంద్రాల తలుపులు మూతపడుతాయి. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆ విద్యార్థులే మళ్ళీ హాజరుపట్టీలో సంతకాలు చేస్తారు. వారు అడుగుతున్నది దయ కాదు, వారానికి నాలుగు గంటలు.