రెడ్డిగూడెం దారిలో రెండు చక్రములు

మైలవరమునుండి రెడ్డిగూడెమునకు పోవు దారిలో పుష్యమాఘములందు ప్రయాణించువానికి ముందుగా ఎదురువచ్చునది ఊరు కాదు, మామిడిపూత వాసన. బస్సులో కూర్చున్నవానికి అది అందదు. మోటారుసైకిలువాడు గుర్తించులోపల తోట వెనుకబడిపోవును. కాలినడకన పోవువానికి ఒక తోట దాటుటకే ప్రొద్దెక్కును. వాసన వచ్చిన దిక్కునకు తల త్రిప్పి, చెట్టును చూచి, మనసైనచో కాలు నేలకు ఆనించి నిలిచి, కావలివానిని పలుకరించి మరల సాగిపోవుటకు తగిన వేగము సైకిలునకు మాత్రమే కలదు.

ఐరోపాఖండమున ఈ సంగతిని చాలకాలము క్రిందటనే కనిపెట్టిరి. ఫ్రాన్సులోని బర్గండీ, జర్మనీలోని మోజెల్ లోయ, ఇటలీలోని టస్కనీ సీమ ద్రాక్షతోటలకు పేరుపొందినవి. కొండవాలులందు తీగలు, వాని నడుమ పాతరాతి ఇండ్ల ఊరు, ఊరిలో ఒక దేవాలయము, నేలమాళిగలో ద్రాక్షాసవపు పీపాలు. వీనిని చూచుటకు వేలమంది సైకిళ్ళపై తిరుగుదురు. అచటి ఆసవమునకు ఊరిపేరే బిరుదు. ఏ మట్టిలో, ఏ వాలున పండిన ద్రాక్షయో చెప్పనిదే రసికుడు గ్లాసు ముట్టడు.

మనకు అట్టి తీగలు లేకపోవచ్చును. కాని కృష్ణకు ఉత్తరమున, కొండపల్లి కొండలకును నూజివీటికిని నడుమనున్న ఎత్తుపల్లాల నేలలో ఆ గౌరవమును మామిడి పొందినది. నూజివీడు రసము అన్నచో తెలుగువానికి వేరే వివరణ అక్కరలేదు. చిన్నరసము, పెదరసము, చెరుకురసము, బంగినపల్లి, జనులు కలెక్టరు కాయయని పిలుచు తోతాపురి, ఇన్ని జాతులును ఒక్క దారి ప్రక్కనే చూడవచ్చును. ఒకప్పటి తిరువూరు తాలూకాలోని రెడ్డిగూడెము ఈ నేలకు నడిబొడ్డువంటిది. 1985లో మండలములు ఏర్పడినవి, 2022లో ఆ భాగము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, నూజివీడు ఏలూరు జిల్లాకు పోయినది. తోటలకు మాత్రము ఈ సరిహద్దులు తెలియవు.

సైకిలు మనకు క్రొత్తది కాదు. జర్మనీదేశస్థుడైన కార్ల్ డ్రైస్ 1817లో పెడలులేని రెండు చక్రముల బండిని నడిపెను. ఇంగ్లండులో 1885లో స్టార్లీ నేటి రూపమునకు దగ్గరైన సైకిలును చేసెను. 1888లో డన్లప్ గాలిటైరును అమర్చెను. 1923లో బొంబాయినుండి బయలుదేరిన పారశీక యువకులలో ముగ్గురు, ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా, భూమిని చుట్టి 1928లో ఇల్లు చేరిరి. అటుతరువాత సైకిలు మన పల్లెలలో తపాలావానికి, పాలవానికి, పొరుగూరి బడికి పోవు పంతులునకు ఊడిగము చేసినది. పని లేక సైకిలు తొక్కువానిని మాత్రము మన పెద్దలు సోమరియనిరి. ఊరు చూచుట ఒక పని యని వారికి తోచలేదు. ఈ అభిప్రాయము నేటికిని పోలేదు. చేతిలో కొంత సొమ్ము చేరగానే సైకిలును గోడకు ఆనించుట పెద్దరికపు గుర్తయినది.

బెజవాడనుండి బయలుదేరువానికి మొదటి మజిలీ కొండపల్లి. పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజుల కాలమున వెలసిన ఈ దుర్గము గజపతుల చేతికి పోయినది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో దీనిని గెలిచెను. పిమ్మట గోలకొండ నవాబుల పాలయినది. కొండమీదికి ఘాటుదారి కలదు. గేర్లులేని సైకిలువాడు సిగ్గుపడక దిగి త్రోసికొనిపోవలెను. త్రోయునపుడే అడవి బాగుగా కనబడును. ఆ అడవిలోని తెల్లపొనికి చెట్టే దిగువ ఊరిలోని బొమ్మలకు తల్లి. తేలికయైన ఆ కొయ్యను చెక్కి, సన్నని సెగపై తేమ పోగొట్టి, కాళ్ళు చేతులు వేరువేరుగా చేసి, చింతపిక్కల పిండి రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు దిద్దుదురు. అంబారీ యేనుగు, దశావతారములు అందరికిని తెలిసినవే. చూడదగినది తాటిచెట్టెక్కు గీతకాని బొమ్మ. ద్రాక్షాసవపు సీమలకు మన పల్లె చెప్పిన బదులు అది యనవచ్చును!

బొమ్మలు కొనువారు బజారులో కొని కారెక్కుదురు. పొనికి చెట్టును చూచినవారు వారిలో ఎందరు? చెట్టు అరుదగుచున్నది. కొయ్యకొరకు శిల్పులు పడు పాటును అడవి త్రోవలో నడచినవాడు అడుగకుండనే తెలిసికొనును.

కొండపల్లి దాటి మైలవరము చేరువానికి దారిలో బుడమేటి పాయలు కనబడును. ఈ కొండలలో పుట్టి కొల్లేరునకు పోవు ఈ చిన్న యేరు ఎండకాలమున ఇసుకపట్టువలె ఉండును. 2024 సెప్టెంబరులో అదే పొంగి బెజవాడ పేటలను ముంచివైచినది. మ్యాపులో సన్నని నీలిగీతగా ఉన్నదానిని విద్యార్థి ఒకసారి సైకిలుపై దాటినచో, ఏ వాలు ఎటు వంగినదో, కొండపై పడిన వాన ఎవరి ఇంటికి చేరునో పిక్కలే చెప్పును. భూగోళమునకు ఇంతకంటె మంచి పాఠము గదిలో దొరకదు. మైలవరమున మరియొక స్మృతి కలదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో అచటి జమీందారుల ప్రాపున బాలభారతీ నాటకసమాజము తెలుగు రంగస్థలమున పెద్దపేరు తెచ్చుకొన్నది.

రెడ్డిగూడెము చేరినపిమ్మట ఊళ్ళపేర్లు చదువుట ఒక వినోదము. గూడెమనగా చిన్నపల్లె, రెడ్లు కట్టుకొన్న పల్లె పెరిగి మండలకేంద్రమైనను పేరు మారలేదు. చేరువనే మద్దులపర్వ కలదు. మద్దిచెట్లు ఇపుడు ఎన్నియున్నవో కాని పేరులో మాత్రము నిలిచినవి. నూజివీడులోని ‘వీడు’ దండు విడిసిన చోటనియు, పట్టణమనియు ప్రాతతెలుగున అర్థము. పంతులు విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక దినము మైలురాళ్ళ మీది పేర్లు వ్రాయించినచో దేశ్యపదముల పాఠము బల్లపై సుద్దముక్కతో చెప్పనక్కరలేదు.

ఇచ్చటనే కష్టమైన సంగతి యొకటి చెప్పవలసియున్నది. తోటలు తరుగుచున్నవి. పూతను తామరపురుగు తినివేయుట, అకాలపు వాన కాయను రాల్చుట, కాచిన యేట ధర పడిపోవుట, వీనితో విసిగిన రైతులు కొన్నిచోట్ల ముదురుచెట్లను కొట్టించి ఆయిల్ పామ్ మొక్కలు నాటుచున్నారు. రైతును తప్పుపట్టుటకు వీలులేదు. బడికి జీతము కట్టవలసినవాడు వసంతశోభను అమ్ముకొని బ్రదుకలేడు. అయితే ముప్పదియేండ్ల చిన్నరసము చెట్టు పడిపోయినచో దాని వెంట కాయ రంగు చూచి పక్వము చెప్పు కన్ను, చిక్కముతో దెబ్బ తగులకుండ దింపు చేయి, గడ్డిలో మాగవేయు నేర్పు కూడ పోవును.

టస్కనీలో ఇట్టి చిక్కే వచ్చినది. తోటల నడుమనున్న తెల్లని కంకరబాటలపై తారు పోయనారంభించిరి. గయోలే అను ఊరిలో జాంకార్లో బ్రోచ్చీ అనునతడు 1997లో పాతకాలపు సైకిళ్ళతో ఆ బాటలపై ఒక యాత్ర నడపెను. మొదటియేట వచ్చినవారు 92 మంది. తరువాత వేలకొలది వచ్చిరి. చూచువారు కలిగిన పిమ్మట ఆ బాటలు అక్కరలేనివని అనువారు తగ్గిరి. రెడ్డిగూడెము తోట గట్టున కాయ కొని తిని, చెట్టు పేరడిగి పోవువారు పదిమంది ఉన్నంతమాత్రమున ధర పెరుగదు. మధ్యవర్తి లేక తోటలోనే నాలుగు బుట్టలు అమ్ముడైన రైతునకు మాత్రము ఆ చెట్టు వేరుగా కనబడును.

ఈ యాత్రకు సంక్రాంతి సెలవులే తగినవి. పండు తినవలెనన్న ఏప్రిలు, మే నెలలలోనే రావలెను. అపుడు తెల్లవారకముందే బయలుదేరి పదిగంటలకు నీడ పట్టవలెను. సర్కారుతుమ్మ ముండ్లకు సిద్ధముగా అదనపు ట్యూబు, పంపు ఉంచుకొనవలెను. బాలికలను ఇంట ఉంచి బాలురను మాత్రమే పంపుట న్యాయము కాదు. తమిళనాడులోని పుదుక్కోటలో 1990లనాటి అక్షరాస్యతోద్యమమున వేలమంది పల్లెస్త్రీలు చదువుతోపాటు సైకిలును నేర్చిరి.

రెడ్డిగూడెమునుండి విస్సన్నపేట మీదుగా దక్షిణమునకు మరలిన నూజివీడు. అచట పనసకొయ్యను తొలిచి వీణలు చేయువారు కలరు. ఇంకొక దినము చేతిలో ఉన్నవారు తూర్పుగా సాగి కామవరపుకోట దగ్గరి గుంటుపల్లికి పోవచ్చును. క్రీస్తుకు పూర్వపు బౌద్ధులు కొండను తొలిచి గుండ్రని చైత్యమొకటి అచట చేసిరి. లోన తల యెత్తి చూచినచో, పైకప్పున దూలములు, వాసములు వరుసగా తీర్చియుండును. కొయ్యతో కట్టిన గుడిసెకప్పును శిల్పి రాతిలో అట్లే దించినాడు. ఆ గుడిసెలలో ఒక్కటియు నేడు లేదు.