టీచర్లను విదేశం తీసుకెళ్ళేవారికి నాలుగు మాటలు

నేను ఉండేది సస్కటూన్‌లో. నేను చేసేది కంప్యూటర్ ఉద్యోగం. మా అమ్మ మాత్రం 30 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పింది. అందుకే, ఇండియా నుంచి పదిమంది టీచర్లు ఇక్కడి బడులు చూడటానికి వస్తున్నారు, వెంట తిరిగే మనిషి కావాలి అని తెలిసినవాళ్ళు అడగగానే సరేనన్నాను.

నేను చేసిన పొరపాటు ముందే చెప్పేస్తాను. 5 రోజుల్లో 7 బడులు పెట్టాను. ప్రతిచోటా ప్రిన్సిపాల్ గారి స్వాగతం, గ్రూప్ ఫొటో, గంటసేపు చూడటం, మళ్ళీ వ్యాను ఎక్కడం. చివరి రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర ఒక పెద్దావిడ అన్నారు: "బాబూ, అన్నీ బాగా చూపించావు. కానీ తిరిగి వెళ్ళాక నా క్లాసులో 50 మంది ముందు నిలబడి ఏం మార్చాలో మాత్రం తెలియలేదు." ఆవిడ సొంత డబ్బు పెట్టుకుని వచ్చారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత, ఈ పని బాగా చేసినవాళ్ళు ఎవరా అని వెతికాను. కెనడా టీచర్ల ఫెడరేషన్ 1962లో నైజీరియాతో 'ప్రాజెక్ట్ ఓవర్సీస్' మొదలుపెట్టింది. ఇక్కడి టీచర్లు వేసవి సెలవుల్లో స్వచ్ఛందంగా చిన్న బృందాలుగా వెళ్ళి, అక్కడి టీచర్ల సంఘాలతో కలిసి శిక్షణ తరగతులు నడిపారు. అంటే చూసి రావడం కాదు, కలిసి పనిచేయడం.

అసలైన ఉదాహరణ మన మదనపల్లె పక్కనే ఉంది. రిషివ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. నిచ్చెన మెట్లలా ఒక్కో పిల్లవాడు తన వేగంతో ఎక్కుతాడు. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు అక్కడికి వెళ్ళి చూశారు. తిరిగి వెళ్ళి తమ పిల్లల కోసం కన్నడంలో సొంత కార్డులు రాసుకున్నారు. అదే 'నలికలి'. తర్వాత కర్ణాటక ప్రభుత్వ బడులకు పాకింది. వాళ్ళు విమానం ఎక్కలేదు. కానీ తమ క్లాసులో ఉన్న కష్టాన్ని వెంట తీసుకెళ్ళారు. అక్కడే ఉంది కిటుకు.

రెండోసారి బృందం వచ్చినప్పుడు నేను పాటించినవి ఇవి. ఒకటి, బయలుదేరకముందే ప్రతి టీచరూ తన క్లాసు గురించి ఒక ప్రశ్న రాసి పంపాలి. రెండు, బడులు రెండే, ఒక్కోదానిలో రెండేసి రోజులు. మొదటి రోజు అందరూ అతిథి మర్యాదలో ఉంటారు, అసలు క్లాసు రెండో రోజు కనబడుతుంది. మూడు, ప్రతి సాయంత్రం గంటసేపు కూర్చుని, చూసినదానిలో మన బడిలో ఖర్చు లేకుండా చేయగలిగింది ఏమిటో రాసుకోవాలి.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో మన బడులకు సెలవులు, ఇక్కడి బడులు జూన్ చివరిదాకా నడుస్తాయి. ఇక్కడి టీచర్లను మన ఊళ్ళకు తీసుకెళ్ళాలంటే జులై మంచిది. సస్కచ్వాన్ పల్లెల్లోనూ రెండు మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చునే బడులున్నాయి. కాబట్టి నేర్చుకోవడానికి వాళ్ళకూ రిషివ్యాలీలో బోలెడుంది.

నాలుగోది, వెళ్ళాక వదిలేయకూడదు. సస్కటూన్‌లో గడియారాలు ఏడాదికి రెండుసార్లు మార్చే పని లేదు. ఇక్కడ ఉదయం 8 అయితే ఇండియాలో ఎప్పుడూ రాత్రి ఏడున్నరే. నెలకొక ఆదివారం ఆ వేళకు వీడియోలో కలుస్తున్నాం. మొదటి బృందంలోని పెద్దావిడను కూడా పిలిచాం. పోయిన నెల తాను రాసిన లెక్కల కార్డులు కెమెరా ముందు పెట్టి, "బాబూ, ఇవి చూసి తప్పులు చెప్పు" అన్నారు. దిద్దింది నేను కాదు, మా అమ్మ.

మీ ఊరికి టీచర్లు వస్తే జలపాతాలు తర్వాత చూపించండి. ముందు వాళ్ళ ప్రశ్న అడగండి.