గెలిస్తే మనోడు... నోరెత్తితే?

2021 జనవరి 10, సంక్రాంతికి ముందు ఆదివారం. సిడ్నీలో భారత్‌, ఆస్ట్రేలియా టెస్టు నాలుగో రోజు ఆట. ఆస్ట్రేలియాలో మ్యాచ్ అంటే చీకటితోనే లేచి టీవీ ముందు కూర్చునే పిచ్చోళ్లు బందరులోనూ, గుడివాడలోనూ తక్కువేం కాదు. టీ విరామం ఇంకాసేపట్లో ఉందనగా, బౌండరీ దగ్గరున్న మహమ్మద్ సిరాజ్ ఉన్నట్టుండి పిచ్ వైపు నడిచొచ్చాడు. స్టాండ్స్ వైపు చెయ్యి చూపించి అంపైర్‌తో ఏదో చెప్పాడు. ఆట ఆగింది. పోలీసులు వరుసల మధ్యకు వెళ్లి ఆరుగురిని బయటికి పంపారు.

అంతకు ముందు రోజే బుమ్రానూ, సిరాజ్‌నూ అనరాని మాటలన్నారని భారత జట్టు ఫిర్యాదు చేసింది. మర్నాడూ అదే గోల. సిరాజ్‌కు అది రెండో టెస్టు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి హైదరాబాద్‌లో చనిపోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. క్వారంటైన్ నిబంధనల మధ్య కడచూపుకు కూడా నోచుకోక అక్కడే ఉండిపోయిన కుర్రాడు. కావాలంటే మైదానం వదిలి వెళ్లొచ్చని అంపైర్లు చెప్పారట. మేమెందుకు వెళ్లాలి, తిట్టినవాళ్లను పంపండి అన్నాడట కెప్టెన్ రహానే. ఈ సంగతి తర్వాత సిరాజే హైదరాబాద్‌లో విలేకరులకు చెప్పాడు.

ఆ గొడవ మర్నాడు, తొడ కండరం పట్టేసినా మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి కుంటుకుంటూనే 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. అటువైపు అశ్విన్. మ్యాచ్ డ్రా. మనవాళ్లకు ఆ డ్రానే బాగా గుర్తుండిపోయింది. విచారణ మాత్రం అంత గుర్తులేదు. జాత్యహంకార దూషణ జరిగిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. ఆ రోజు బయటికి పంపిన ఆరుగురూ మాత్రం ఆ మాటలన్నవాళ్లు కారని తేల్చింది. మాట పడ్డవాడు కళ్లెదుటే ఉన్నాడు. అన్నవాడు జనంలో కలిసిపోయాడు.

సిడ్నీ గొడవకు సరిగ్గా పన్నెండు రోజుల ముందు, 2020 డిసెంబరు 29న, మెల్‌బోర్న్‌లో అదే రహానే మెడలో ఒక పతకం వేశారు. దాని పేరు ముల్లా మెడల్. బాక్సింగ్ డే టెస్టులో ఉత్తమ ఆటగాడికి ఇవ్వాలని ఆ ఏడే మొదలుపెట్టారు. అందుకున్న మొదటివాడు రహానే. ఆ మ్యాచ్‌తోనే సిరాజ్ టెస్టుల్లో అడుగుపెట్టాడు. ఇంతకీ ముల్లా ఎవరు?

ఇంగ్లండ్ వెళ్లి ఆడిన మొట్టమొదటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు తెల్లవాళ్లది కాదు. 1868లో ఓడెక్కిన ఆ ఆటగాళ్లు దాదాపు అందరూ ఆదివాసులే. వాళ్లలో మేటి జానీ ముల్లా. ఆర్నెల్లలో 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు, మిగతావి డ్రా. పగలంతా క్రికెట్ ఆడించి, ఆట ముగిశాక అదే మనుషుల చేత జనం వినోదం కోసం ఈటెలు, బూమరాంగ్‌లు విసిరించేవారు. ‘కింగ్ కోల్’ అని పిలిచే ఆటగాడు లండన్‌లోనే జబ్బు చేసి చనిపోయాడు. ఆ పర్యటన జరిగిన మరుసటి ఏడాదే విక్టోరియాలో ‘సంరక్షణ’ పేరిట ఒక చట్టం వచ్చింది. ఆదివాసి ఎక్కడ ఉండాలో, ఏం పని చెయ్యాలో సర్కారే నిర్ణయించే అధికారం దాంతో దక్కింది. 1931లో బ్రాడ్‌మన్‌ను సున్నాకు అవుట్ చేసిన క్వీన్స్‌లాండ్ ఫాస్ట్ బౌలర్ ఎడ్డీ గిల్బర్ట్ కూడా అలాంటి చట్టం కిందే బతికాడు. ఊరు దాటాలంటే అధికారి అనుమతి ఉండాల్సిందే.

జెర్సీ ఎత్తి చూపించిన రోజు

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కు వస్తే, 1993 ఏప్రిల్ 17న మెల్‌బోర్న్‌లోని విక్టోరియా పార్కులో కాలింగ్‌వుడ్ మీద సెయింట్ కిల్డా గెలిచింది. మ్యాచ్ పొడుగునా కాలింగ్‌వుడ్ అభిమానుల చేత తిట్లు తిన్న సెయింట్ కిల్డా ఆదివాసీ ఆటగాడు నికీ విన్మార్, ఆట అయ్యాక వాళ్ల ఎదురుగా నిలబడి జెర్సీ పైకెత్తాడు. వేలితో తన నల్లటి ఒంటిని చూపించాడు. ఆ ఫొటో మర్నాడు పత్రికల్లో వచ్చింది. కాలింగ్‌వుడ్ అధ్యక్షుడు టీవీలో ఇచ్చిన వివరణ ఇంకా ఘోరం. తెల్లవాళ్లలా నడుచుకున్నంత కాలం వాళ్లను అందరూ గౌరవిస్తారని ఆయన మాటల సారాంశం. రెండేళ్ల తర్వాత మైకేల్ లాంగ్ అనే మరో ఆదివాసీ ఆటగాడు మైదానంలో తనను దూషించారని పట్టుబట్టాడు. అప్పుడు గానీ లీగ్‌లో దూషణను నేరంగా చూసే నియమం రాలేదు. ఎవరో ఒకరు నోరు తెరిచి మొండికేస్తేనే నియమం పుట్టిందన్నమాట.

ఆడమ్ గుడ్స్ కథ అన్నిటికన్నా ముందుగా మనం చదవాల్సింది. సిడ్నీ స్వాన్స్ ఆటగాడు. లీగ్‌లో అత్యున్నత పురస్కారమైన బ్రౌన్‌లో పతకం రెండుసార్లు గెలిచాడు. 2013 మే 24న, ఆదివాసీ ఆటగాళ్ల గౌరవార్థం జరిపే వారంలోనే, గ్యాలరీలోంచి పదమూడేళ్ల అమ్మాయి అతణ్ని కోతి జాతి జంతువు పేరుతో పిలిచింది. గుడ్స్ ఆగి, ఆ వైపు వేలు చూపించాడు. సిబ్బంది ఆ పిల్లను బయటికి తీసుకెళ్లారు. మర్నాడు గుడ్స్ ఏమన్నాడు? ఆ పిల్లను నిందించకండి, ఆమెకు అండగా ఉండండి అన్నాడు. మరుసటి ఏడాది దేశం అతణ్ని ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపిక చేసింది. ఆ హోదాలో జాతి వివక్ష గురించి, తన జనానికి జరిగిన అన్యాయం గురించి ఊరూరా మాట్లాడాడు.

సరిగ్గా అప్పటి నుంచే గ్యాలరీల్లో ‘బూ’ కేకలు మొదలయ్యాయి. బంతి అతని చేతికి వస్తే చాలు, వేలమంది ఒక్క గొంతుతో అరుపులు. 2015 మే నెలాఖరున గోల్ కొట్టి, ఆదివాసీ పిల్లల జట్టు దగ్గర నేర్చుకున్న యుద్ధనృత్యం చేసి, ప్రత్యర్థి అభిమానుల వైపు లేని ఈటెను విసిరినట్టు అభినయించాడు. దాంతో గోల మరీ ముదిరింది. ఎందుకరుస్తున్నారయ్యా అంటే తలో కారణం. ఫ్రీకిక్కుల కోసం పడిపోతాడన్నారు. చిన్నపిల్లను అల్లరిపాలు చేశాడన్నారు. ఆటన్నాక ఆ మాత్రం గోల ఉండదా అన్నారు. ఫ్రీకిక్కుల కోసం పడిపోయే తెల్ల ఆటగాళ్లు ఆ లీగ్‌లో కొల్లలు. వాళ్ల వెంట వారం వారం, ఊరూరా ఇలా ఎవరూ పడలేదు. ఆ జులైలో పెర్త్ మ్యాచ్ తర్వాత గుడ్స్ కొన్నాళ్లు ఆటకు దూరమయ్యాడు. ఆ సీజన్ చివర 372 మ్యాచ్‌ల కెరీర్‌ను ముగించేశాడు. రిటైరయ్యే ఆటగాళ్లంతా ఫైనల్ రోజున మైదానం చుట్టూ తిరిగి వీడ్కోలు అందుకుంటారు. అతను దానికీ వెళ్లలేదు. లీగ్ క్షమాపణ చెప్పింది 2019లో. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రమ్మంటే వద్దన్నాడు.

నాకు ఇందులో కనిపించేది ఒకటే. ఆ జనానికి అతని పరుగు కావాలి, గోల్స్ కావాలి, కప్పులు కావాలి. మాట మాత్రం వద్దు. ఆడినంతసేపూ నెత్తిన పెట్టుకుంటారు. ‘నన్నిలా అనొద్దు’ అన్న క్షణాన దించేస్తారు.

మన గ్యాలరీల సంగతి

ఇంతవరకూ చదివి ‘చూశారా తెల్లోళ్లు’ అనుకుంటే సుఖంగా ఉంటుంది. 2009లో మెల్‌బోర్న్‌లో ఒక తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో పొడిచినప్పుడు మన ఊళ్లలో ఎంత కంగారో, ఎంత కోపమో గుర్తుండే ఉంటుంది. 2021 జనాభా లెక్కల నాటికే ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు అరవై వేలకు అటూ ఇటూగా ఉన్నారు. గుడివాడలో ఏ వీధిలో చూసినా ఒకరిద్దరి పిల్లలు అక్కడుంటారు. వాళ్ల కోసం మనకొచ్చే కోపం న్యాయమైనదే. ఆ కోపం ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుందే, అదీ నా ఫిర్యాదు.

2007 అక్టోబరు. వడోదరలో, తర్వాత ముంబయి వాంఖడేలో, ఆండ్రూ సైమండ్స్‌ను చూసి మన జనం కోతి కూతలు కూశారు. కరీబియన్ నల్లజాతి రక్తం ఉన్న ఆస్ట్రేలియా ఆటగాడు. ముంబయిలో కొందరిని పోలీసులు బయటికి లాక్కెళ్లారు. నాలుగు నెలలకే ఐపీఎల్ వేలంలో డెక్కన్ ఛార్జర్స్ అతణ్ని 13.5 లక్షల డాలర్లకు కొంది. 2008 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 117 కొడితే మనమే ఈలలేశాం. అప్పుడతను ‘మన సైమో’.

డారెన్ సామీదీ ఇంచుమించు అలాంటిదే. వెస్టిండీస్‌కు ప్రపంచకప్ తెచ్చిన కెప్టెన్. 2013, 2014లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. తనను జట్టులో ‘కాలూ’ అని పిలిచేవారనీ, దానర్థం బలమైనవాడనుకుని తానూ నవ్వేవాణ్ననీ 2020 జూన్‌లో బయటపెట్టాడు. ఆ తర్వాత ఒకరు ఫోన్ చేసి ప్రేమతోనే అలా పిలిచామన్నారట. మనకు బాగా తెలిసిన జవాబే ఇది. పుట్టిన పిల్ల చామనఛాయగా ఉంటేనే పెళ్లి గురించి బెంగపడే ఇళ్లున్న దేశంలో ప్రేమగా ‘నల్లోడా’ అనడం ఎంత తేలిక!

ఇక మన తెలుగు పిల్ల దీప్తి జీవన్‌జీ. వరంగల్ జిల్లా కల్లెడ. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊళ్లో కొందరు పిచ్చి అనీ, కోతి అనీ వెక్కిరించేవారని, అనాథాశ్రమంలో వదిలెయ్యమని సలహాలిచ్చారని వాళ్లమ్మే పత్రికలకు చెప్పింది. ఆ పిల్ల 2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇప్పుడు ఆమె ‘మన దీప్తి’. మెల్‌బోర్న్‌లో గుడ్స్‌ను అన్న మాటా, కల్లెడలో దీప్తిని అన్న మాటా ఒకే అడవిలోంచి వచ్చాయి. గెలవకపోతే? 2021లో ఒలింపిక్ సెమీఫైనల్లో మన మహిళల హాకీ జట్టు ఓడితే, హరిద్వార్ దగ్గర ఆ జట్టు క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరెత్తి తిట్టారు.

బందరు వాళ్లు మావాడని చెప్పుకునే సి.కె.నాయుడు 1926లో బాంబే జింఖానాలో ఎం.సి.సి. మీద పదకొండు సిక్సర్లతో 153 కొట్టాడు. ఆ క్లబ్బులో భారతీయులకు సభ్యత్వమే లేదు. ఆరేళ్ల తర్వాత లార్డ్స్‌లో మొదటి టెస్టుకు కెప్టెన్ అయింది కూడా మహారాజు పక్కకు తప్పుకుంటేనే. అవమానపు అటు గట్టు ఎలా ఉంటుందో మనకూ తెలుసు.

మరి ఇటు గట్టున మనమేం చేస్తున్నాం? దివిసీమలో కాలవ గట్ల మీద, మడల వెంట పీతలూ చేపలూ పట్టుకుని, వరి కోతలప్పుడు పొలాల్లో ఎలకలు పట్టి బతికే యానాదులు ఈ నేల పాతకాపులు. షెడ్యూల్డ్ తెగ. ఆ తెగ పేరే మన నోళ్లలో తిట్టు. ‘యానాదోడిలా ఆ జుట్టేంట్రా’ అని ఇళ్లలో పిల్లల్ని కసురుతాం, బడిలో అంటాం, కబడ్డీ కోర్టు పక్కన నిలబడి అరుస్తాం. ఎస్సీ పేట జట్టు గెలుస్తుంటే గట్టు మీంచి వచ్చే కూతలు విననివాళ్లు ఈ డెల్టాలో ఉన్నారా? ఎవరైనా అడిగితే ‘సరదాకన్నాంలే బాబాయ్’. కృష్ణకు ఆవల చుండూరులో 1991లో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. దానికి నాంది సినిమా హాల్లో ఒక కుర్రాడి కాలు ముందు సీట్లోవాడికి తగలడమే. జనం వినోదానికి చేరిన చోట ఎవరి హద్దు ఎక్కడో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

గుడివాడలో సంక్రాంతి బండలాగుడు పోటీలకు వెళ్లి చూడండి. మైకులో ఎడ్ల జత పేరు, యజమాని పేరు, ఊరు పేరు ఎంత గౌరవంగా చదువుతారో! ఎద్దు ఓడినా దాన్ని ఎవరూ పల్లెత్తు మాటనరు. పాయింట్ కోసం ప్రాణం పెట్టే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ మాత్రం మర్యాద దొరకదు.

చట్టం లేక కాదు. ఎస్సీ, ఎస్టీలను నలుగురి మధ్య కులం పేరుతో దూషిస్తే అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎస్) కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. కబడ్డీ కోర్టు నలుగురి మధ్యే ఉంటుంది. అయినా కేసు పెట్టమని ఆ కుర్రాడికి చెప్పి చేతులు దులుపుకోవడం అన్యాయం. అప్పుడు అతనూ గుడ్స్ లాగే ‘ఆట చెడగొట్టినవాడు’ అవుతాడు. ఆ బరువు మొయ్యాల్సింది ఆట పెట్టినవాళ్లు.

అందుకే బందరు, గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక చుట్టుపక్కల పండక్కి పోటీలు పెట్టే కమిటీలకు నా మనవి. టాస్ వెయ్యకముందే మైకులో చెప్పండి. కూత వినిపిస్తే ఆటగాడు వచ్చి ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా రిఫరీయే విజిల్ వెయ్యాలి. అన్నవాడు సర్పంచి గారి మేనల్లుడైనా సరే బయటికి పంపండి. ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ, దాతల పేర్లు వేసే కరపత్రంలోనే ఇంకో వాక్యం వేయించండి: కులం పేరుతో గానీ, రంగు పేరుతో గానీ ఆటగాణ్ని కించపరిస్తే ఆట ఆపుతాం, పోలీసులకు అప్పగిస్తాం. ఒక్క వాక్యానికి ప్రెస్సువాడు అదనంగా రూపాయి కూడా తీసుకోడు.