బాస్కెట్‌బాలు ఆటలో స్థానములును దేహబలమును

1891వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికాయందలి స్ప్రింగ్‌ఫీల్డు నగరమున, వై. ఎం. సి. ఏ. శిక్షణాలయోపాధ్యాయుడగు జేమ్సు నైస్మిత్తుగారు పండ్లబుట్టలు రెండు బిగించి ఈ యాట నారంభించిరి. నాడు పక్షమునకు తొమ్మండ్రు, నేడు అయిదుగురు. బుట్ట యెత్తు మాత్రము నాటినుండి 10 అడుగులే. 1920లో హెచ్. సి. బక్కుగారు మదరాసున వ్యాయామ కళాశాలను నెలకొల్పిరి. తెలుగు పాఠశాలల డ్రిల్లు మాస్టరులలో పలువురు అచ్చట నేర్చినవారే.

అయిదుగురు చేయు పని యొకటి కాదు. బంతిని తెచ్చు గార్డులకు వడియు, చటుక్కున మరలు నేర్పును, చాలసేపు నిలుచు ఊపిరియు వలయును. బుట్టక్రింది సెంటరునకు పొడవును, త్రోపులకు చలింపని బలమును ముఖ్యములు. ఫార్వర్డులు ఈ యిరువురకు నడుమ నుందురు. సెంటరు పరుగున వెనుకబడుట చూచి సోమరియని నవ్వువారు గలరు. అంత బరువును మోసికొని పరుగెత్తువాని శ్రమ వారెరుగరు.

పిల్లలయందు మరియొక చిక్కు గలదు. బాలురు సామాన్యముగా 14వ యేట, బాలికలు 12వ యేట మిక్కిలి వేగముగా పొడవగుదురు. కాని కొందరికిది ముందుగను, కొందరికి వెనుకగను వచ్చును. కావున 8వ తరగతిలో అందరికంటె పొడవైనవాడు 10వ తరగతినాటికి తోడివారితో సమానుడే కావచ్చును. అంతవరకు వానిని బుట్టక్రిందనే నిలిపినచో, బంతి నడుపుట రాక జట్టులో చోటు గోల్పోవును. పొట్టివాడని త్రోసివేయబడినవాడో, ఎదుగుటకు పూర్వమే ఆట మానుకొనును. మన పోచారము, ఉప్పలు, నాచారము మైదానములలో చిన్నవారినందరిని అన్ని స్థానములందును ఆడింపవలెనని మేము కోరుచున్నాము.

తలిదండ్రులు మూడు నెలలకొకసారి గోడపై బిడ్డ యెత్తు గీచి తేదీ వ్రాయుదురుగాక. గీతలు త్వరత్వరగా పైకి పోవు దినములలో మోకాలిచిప్ప క్రింద నొప్పియని బిడ్డ చెప్పినచో, అది సాకు కాదు. ఎముక యెదుగుచుండగా గెంతులచే కలుగు బాధ. కొంతకాలము గెంతులు తగ్గించి, వైద్యునకు చూపవలెను.