చదువా, కంఠపాఠమా?

రేడియోలో ప్రసంగము వినుచున్న శ్రోతకు, వక్త కాగితము చూచి చదువుచున్నాడో, జ్ఞాపకమునుండి చెప్పుచున్నాడో తెలియదు. మాట తడబడకుండ సాగినంత కాలము రెండును ఒక్క తీరుగనే వినవచ్చును. పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయుని స్థితియు పలుమార్లు ఇట్టిదే. పుస్తకము తెరచి పిల్లవాడు గడగడ అప్పగించుచుండును. వాని కన్ను అక్షరముపై నున్నదా, లేక నాలుక మాత్రమే అలవాటున నడచుచున్నదా? ఈ ప్రశ్న ఏ భాషకైనను చెల్లును. ఇంట మాటాడని భాషను, వేరొక లిపిలో నేర్చు పిల్లల విషయమున ఇది మరింత ముఖ్యము. అందుచేత అరబ్బీ నేర్చు మన ప్రాంతపు బాలబాలికలను ఉదాహరణముగా గైకొని, చదువుటను వ్రాయుటను పరీక్షించు విధానమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కృష్ణకు ఎడమ గట్టున, విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిపై ఇబ్రహీంపట్నము కలదు. ఆ యూరి పేరులోనే మన విషయము దాగియున్నది. తెలుగున "ఇబ్రహీం" అను పేరు మూడు అక్షరములతో ముగియును: ఇ, బ్ర, హీం. నేటి అరబ్బీ పుస్తకములలో అదే పేరునకు ఏడు అక్షరములు కావలెను: అలిఫ్, బే, రే, మరల అలిఫ్, హే, యే, మీమ్. మొదటి అలిఫ్ క్రింద ఇకార చిహ్నమును ఊహించుకొనవలెను. 'రే' తరువాతి అలిఫ్ అచట దీర్ఘమున్నదని చెప్పును. మన నోట ఆ దీర్ఘము హ్రస్వమై "ఇబ్రహీం" అయినది. ఈ పేరును వ్రాయుమని అడిగినచో, అరబ్బీ నేర్చు పిల్లవాడు ఆ రెండవ అలిఫును విడిచిపెట్టవచ్చును. అది తప్పా? తొందరపడి ఎఱ్ఱసిరా పూయక ముందు ఆలోచింపవలసిన సంగతులు కొన్ని కలవు. ఈ ప్రశ్నకు చివర మరల వత్తుము.

మన ప్రాంతమున ముస్లిము కుటుంబములలో కొందరు ఇంట ఉర్దూ, కొందరు తెలుగు మాటాడుదురు. దూదేకులవారు అనేకులు తెలుగువారే. ఈ కుటుంబముల పిల్లలు పగలు పాఠశాలలో తెలుగు, ఇంగ్లీషు నేర్చి, ఉదయమో సాయంకాలమో మసీదునకు అనుబంధముగానున్న మక్తబులో ఖాయిదా పట్టుదురు. ఖాయిదా అనగా మన బాలశిక్ష వంటిది. అందు మొదట విడి అక్షరములు, పిదప కలిసిన అక్షరములు, ఆ పిదప జబర్, జేర్, పేష్ అను స్వర చిహ్నములు వరుసగా వచ్చును. జబర్ అకారమును, జేర్ ఇకారమును, పేష్ ఉకారమును తెలుపును. ఉస్తాదు ఒక్కొక్క పిల్లవానిని దగ్గర కూర్చుండబెట్టుకొని వాని సబక్, అనగా ఆనాటి పాఠము, వినును. నలువది మంది ఒకేసారి వల్లెవేయు తరగతిలో చదువురాని పిల్లవాడు పదిమంది గొంతులలో దాగికొనగలడు. ఒక్కొక్కరిని వినుట యను ఈ పాత పద్ధతిలో ఆ వీలు లేదు. నేటి పరీక్షా విధానములు సైతము ఈ పద్ధతినే ఆశ్రయించినవి.

మన దేశమున 2005వ సంవత్సరమున ప్రథమ్ సంస్థ ఆరంభించిన 'అసర్' పరిశీలనలో, పిల్లవానిని ఒంటరిగా కూర్చుండబెట్టి అక్షరములు, మాటలు, చిన్న పేరా, చిన్న కథ చదివించి, ఎంతవరకు పోగలడో చూచిరి. 2006లో అంతర్జాతీయముగ రూపొందిన 'ఎగ్రా' అను ప్రారంభ పఠన పరీక్ష మఱికొంత సూక్ష్మమైనది. దానిని ఈజిప్టు, మొరాకో, జోర్డాను, యెమెను దేశములలో అరబ్బీకి అనువుగా మార్చి వాడిరి. దాని పద్ధతి చాల సులభము. పిల్లవాని ముందు ఒక కాగితముంచి ఒక్క నిమిషము చదివింతురు. ఉపాధ్యాయుడు తన చేతనున్న ప్రతిలో తప్పులు గుర్తించును. ముప్పదినాలుగు మాటలు చదివి, ఆరింట తప్పినచో, లెక్కకు వచ్చునవి ఇరువదియెనిమిది. మొదటి పదియు తప్పినచో అంతట ఆపి, బాలుని నొప్పింపక తరువాతి భాగమునకు పోవుదురు.

ఇందు మనము ముఖ్యముగ గమనింపవలసినది అర్థములేని మాటల పరీక్ష. ఏ భాషలోను లేని, కాని ఆ భాష మాటలవలె తోచు శబ్దములను వ్రాసి చదువుమందురు. తెలుగున "గిలుతము", "పోమిడి" వంటివి అనుకొనుడు. కంఠపాఠముతో నెట్టుకొని వచ్చు పిల్లవాడు ఇచట ఆగిపోవును. అక్షరము పట్టుకొన్న పిల్లవాడు నెమ్మదిగానైనను చదువును. అరబ్బీలో ఈ పరీక్షకు రెట్టింపు ప్రయోజనమున్నది. మక్తబు పిల్లలకు చిన్న సూరాలు అనేకము నోటికి వచ్చియుండును. వానినే పరీక్షకు ఇచ్చినచో మనకు తెలియునది జ్ఞాపకశక్తి మాత్రమే. పవిత్ర గ్రంథములోని మాటలను తారుమారు చేసి పరీక్షకు వాడుట మర్యాదయు కాదు. కనుక పరీక్షకు క్రొత్త మాటలు, క్రొత్త వాక్యములు కూర్చుకొనవలెను. ఖురాను పఠనములోని ఉచ్చారణ శాస్త్రము, అనగా తజ్వీదు, వేరొక విద్య. దానిని ఎరిగిన ఉస్తాదే దానిని విచారించుట యుక్తము.

ఇక లిపి సంగతి. అరబ్బీలో ఇరువదియెనిమిది అక్షరములు. కుడినుండి ఎడమకు వ్రాత. వీనిలో ఆరు అక్షరములు తమ తరువాతి అక్షరముతో కలియవు. తక్కినవి ఇరుప్రక్కల కలియును. కనుక మాట మొదట ఒక రూపము, నడుమ ఒక రూపము, చివర ఒక రూపము, విడిగా ఒక రూపము. బే, తే, సే అను మూడింటికి మాట నడుమ ఒడలు ఒక్కటే. క్రింద ఒక చుక్కయైన బే, పైన రెండైన తే, మూడైన సే. ఇది అరబ్బులకు సైతము శ్రమయే. హైఫా విశ్వవిద్యాలయమునకు చెందిన రఫీక్ ఇబ్రాహీం, జోహర్ ఏవియాతార్ మున్నగువారు 2002లో ప్రకటించిన పరిశోధనలో, అరబ్బీ మాతృభాషగా గల విద్యార్థులే, అక్షరములను వరుసగా వెదకి గీతతో కలుపు పనిలో, హీబ్రూ అక్షరములకంటె అరబ్బీ అక్షరములకు ఎక్కువ సమయము తీసికొనిరి. కాగా మన పిల్లవాడు నెమ్మదిగా చదివినంత మాత్రమున వానిని మందుడని తలచుట అన్యాయము. విడి అక్షరములను గుర్తించి, కలిసిన మాటలో గుర్తింపలేని పిల్లవానికి కావలసినది కలయికల అభ్యాసము. మొదటినుండి ఖాయిదా త్రిప్పుట కాదు.

వేగమును కొలుచుటలో మరియొక చిక్కు కలదు. మన దేశమున 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ పథకము, మూడవ తరగతి ముగియునాటికి నిమిషమునకు అరువది మాటలు అర్థవంతముగా చదువవలెనని లక్ష్యము పెట్టినది. కాని మాట యనగానేమి? హిందీలో "హమారే ఘర్ మే" అను మూడు మాటలు తెలుగున "మా యింటిలో" అను రెండు మాటలగును. అరబ్బీలో "మరియు అతని పుస్తకము" అను భావమంతయు ఒక్క మాటలో ఇముడును. అందుచేత ఒక భాషలోని అంకెను తెచ్చి వేరొక భాషకు అంటగట్టరాదు. అరబ్బు దేశపు పిల్లల అంకెను గూడ తెచ్చి ఇబ్రహీంపట్నపు పిల్లలకు పెట్టరాదు. అచటి పిల్లలు ఇంట మాటాడు అరబ్బీకిని, పుస్తకపు అరబ్బీకిని దూరమున్నమాట నిజమే. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమమును ఎరిగిన మనకు ఆ దూరమెట్టిదో క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయినను వారికి చుట్టరికమున్న భాష చెవిని పడుచునే యుండును. మన పిల్లలకు అదియు లేదు. కనుక మన పిల్లవానిని పోల్చవలసినది వానితోనే: మూడు నెలల క్రిందట ఎంత, నేడెంత యని.

అర్థగ్రహణమును పరీక్షించునపుడు ప్రశ్న తెలుగుననో ఉర్దూలోనో, పిల్లవాని ఇంటి భాషలో అడుగవలెను. సమాధానమును ఆ భాషలోనే స్వీకరింపవలెను. స్వర చిహ్నములు పెట్టిన పాఠమునే ఈయవలెను. కాఫ్, తే, బే అను మూడక్షరములను చిహ్నములు లేకుండ వ్రాసినచో "వ్రాసెను", "వ్రాయబడెను", "పుస్తకములు" అని మూడు విధముల చదువవచ్చును. ఏది సరియో తెలుపునది వాక్యార్థము. అర్థము తెలియని పిల్లవానికి చిహ్నములు లేని పాఠమిచ్చి పఠనమును పరీక్షించుట, గుణింతములు తీసివేసి తెలుగు చదువుమన్నట్లుండును.

చెప్పి వ్రాయించుటలో తప్పులు లెక్కించుటకంటె, వానిని జాతులుగా విభజించుట మేలు. జుమా, జకాత్, అజాన్, రంజాన్, నిజాం అను అయిదు మాటలు చూడుడు. తెలుగున అన్నింటిలోను ఒక్కటే 'జ'. అరబ్బీలో జుమాకు జీమ్, జకాతునకు జే, అజానునకు జాల్, రంజానునకు జ్వాద్, నిజామునకు జో. అరబ్బుల నోట ఈ అయిదును అయిదు ధ్వనులు. ఉర్దూవారు మొదటిదానిని వేరుచేసి, తక్కిన నాలుగింటిని ఒక్క తీరున పలుకుదురు. తెలుగు నోట అయిదును ఒక్కటే. రంజాను మాటను 'జే'తో వ్రాసిన పిల్లవాడు వినుటలో తప్పలేదు. వానికి వినిపించిన దానిని వినిపించినట్లే వ్రాసినాడు. "బాధ"ను "భాద" యని వ్రాయు తెలుగు విద్యార్థి తప్పును ఈ కోవకు చెందినదే. ఒత్తు ఏ అక్షరమునకో నోటి వాడుక వానికి చెప్పుట లేదు. ఇట్టివారికి కావలసినది, ఏ మాటకు ఏ అక్షరమో కంటితో పలుమారు చూచుట.

వేరొక పిల్లవాడు "కితాబ్" అను మాటలో అలిఫ్ విడిచి కాఫ్, తే, బే మాత్రమే వ్రాయును. పుస్తకము కాస్త "వ్రాసెను" అగును. కారణమేమి? తెలుగున దీర్ఘము గుణింతమై అక్షరమునకే అంటియుండును. అరబ్బీలో హ్రస్వము చిహ్నము మాత్రమే, దీర్ఘమునకు వేరొక పూర్తి అక్షరము కావలెను. తెలుగు గుణింతపు అలవాటే వానిని అటు నడిపియుండవచ్చును. మూడవ పిల్లవాడు సూర్యుడను అర్థమిచ్చు "అష్షమ్స్" మాటలో లామ్ విడుచును. అచట లామ్ వ్రాతలో నుండును, పలుకులో నుండదు. పదునాలుగు అక్షరముల ముందు ఇట్లు జరుగును. నాలుగవవాడు చుక్కలు మరచును. ఈ నలుగురికిని పదికి అయిదు మార్కులే వచ్చినను, నలుగురి వ్యాధియు వేరు, మందును వేరు. మార్కులు మాత్రమే వ్రాసికొన్న ఉపాధ్యాయుని చేతిలో ఏమియు మిగులదు.

ఇపుడు మన యూరి పేరునకు మరల వత్తము. 'రే' తరువాత అలిఫ్ లేకుండ ఇబ్రహీం అని వ్రాసిన పిల్లవాడు తెలుగు నోట వినవచ్చు హ్రస్వమును నమ్మి అట్లు వ్రాసియుండవచ్చును. లేదా వాడు ఖురాను ప్రతిని శ్రద్ధగా చూచినవాడై యుండవచ్చును. అందు ఈ పేరున 'రే' తరువాత అలిఫ్ వ్రాయరు. 'రే' పైన ఒక చిన్న నిలువు గీత యుండును. దానిని మనవైపు ఖడా జబర్ అందురు. నేటి అరబ్బీ పుస్తకములను మాత్రమే ప్రమాణముగ పెట్టుకొన్న పరీక్షకుడు ఈ రెండవ పిల్లవానికి సున్న వేయును. వాడు తాను చదివిన గ్రంథములో నున్నట్లే వ్రాసినాడు. కావున పరీక్షకు ముందే ఏ వర్ణక్రమము ప్రమాణమో నిర్ణయించుకొని పిల్లలకు చెప్పవలెను. పరీక్ష పిదప, వ్రాసినదానిని వానిచేతనే చదివింపవలెను. "నాయనా, ఈ 'రే' దగ్గర ఏమి పలికితివి?" అని ఒక్కమారు అడిగినచో, వాడు దీర్ఘము పలుకునో, హ్రస్వము పలుకునో, ఆ నిలువు గీత సంగతి వానికి తెలియునో లేదో మనకు తెలియును.

తల్లిదండ్రులకును మా మనవి ఒక్కటే. మీ బిడ్డ ఎన్ని పుటలు అప్పగించినదని మాత్రమే అడుగకుడు. ఎన్నడును చూడని ఒక చిన్న వాక్యమును ముందుంచి చదివింపుడు. అది తెలుగైనను సరే, ఉర్దూయైనను సరే, అరబ్బీయైనను సరే. తడబడినచో కోపింపక, ఎచట తడబడినదో ఆ చోటును గుర్తుంచుకొని మరునాడు ఉపాధ్యాయునకు తెలుపుడు. ఆయన మరునాటి పాఠము ఆ చోటినుండియే ఆరంభింపగలడు.