లైనక్స్ ఆగిపోయిందా? ‘వై’ కొట్టే ముందు ఒక్క నిమిషం!

ఎండాకాలం సాయంత్రం. గాలి లేచింది, నాలుగు చినుకులు పడ్డాయి, టప్‌మని కరెంటు పోయింది. రేణిగుంటలో ఉండేవాళ్లకి ఇది కొత్తేం కాదు. గంట తర్వాత కరెంటొచ్చింది. యూపీఎస్ లేని పాత డెస్క్‌టాప్ ఆన్ చేస్తే ఉబుంటు లోగో బదులు నల్ల తెర, తెల్ల అక్షరాలు. ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ’ అని ఒక లైను. దాని కింద బ్రాకెట్లో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అన్న మాట, పక్కన మిణుకుమనే కర్సర్. తెల్లారితే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రివ్యూ ఉన్న కుర్రాడికి ఇది చూస్తే కాళ్లు చల్లబడతాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. పాత సిస్టమ్‌ని పారేయడం ఇష్టంలేక ఉబుంటు, మింట్ వేసుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లంతా ఈ తెర గురించి ఒక్కసారైనా తెలుసుకోవాలి. ముందుగా ఒక మాట: మీ సిస్టమ్ చావలేదు. ‘మీ ఫైళ్ల విషయంలో నా అంతట నేను నిర్ణయం తీసుకోను, మీరు చెప్పండి’ అంటోంది. అంతే.

చిట్టా, ఆవర్జా

పాతకాలం అంగళ్లలో లెక్కలు రెండు పుస్తకాల్లో ఉండేవి. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో రాసేవాళ్లు, తర్వాత ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పనితీరు కూడా అదే. ఏ ఫైల్ డిస్క్‌లో ఎక్కడుంది, ఎంత చోటు తీసుకుంది అన్న మార్పులను ముందు ‘జర్నల్’ అనే చిట్టాలో రాసుకుంటుంది, ఆ తర్వాతే అసలు పుస్తకంలో మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు చిట్టా చూసి సరిచేసుకుంటుంది. అందుకే చాలాసార్లు కరెంటు పోయినా మనకేమీ తెలీదు.

చిట్టా చూసినా లెక్క కుదరకపోతే ఎఫ్‌ఎస్‌సీకే రంగంలోకి దిగుతుంది. చిన్న తేడాలైతే అదే దిద్దేస్తుంది. దిద్దితే ఏదైనా ఫైల్ పోవచ్చు అనిపిస్తే మాత్రం ఆగి, మనల్ని పిలుస్తుంది. మనం చూస్తున్న నల్ల తెర ఆ పిలుపే.

ముందు డిస్క్ సంగతి చూడండి

చాలామంది ఇక్కడే తొందరపడతారు. అడిగిన ప్రతిదానికీ ‘వై’ కొట్టేస్తారు. లెక్క తప్పింది కరెంటు వల్లయితే ఫర్వాలేదు. డిస్కే చెడిపోతుంటే? రిపేర్ పేరుతో దాని మీద ఇంకా రాయిస్తున్నాం. చిరిగిపోతున్న కాగితాన్ని గట్టిగా తుడిచినట్టే.

కాబట్టి తెర మీద పై లైన్లు చదవండి. ‘ఐ/ఓ ఎర్రర్’ అని పదే పదే ఉందా? డిస్క్ నుంచి టక్ టక్ చప్పుడొస్తోందా? అయితే రిపేర్ వద్దు. సిస్టమ్ ఆపి, సాటా కేబుల్ ఒకసారి తీసి పెట్టండి. తర్వాత స్నేహితుడి సిస్టమ్‌లో ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని దాంతో బూట్ చేయండి. అందులో ‘డిస్క్స్’ యాప్‌లో ‘స్మార్ట్ డేటా’ కనిపిస్తుంది. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల సంఖ్య సున్నా దాటి పెరుగుతుంటే డిస్క్ రోజులు దగ్గరపడ్డట్టే. ‘డీడీరెస్క్యూ’తో మొత్తం డిస్క్‌ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకుని, రిపేర్ ఆ కాపీ మీద చేయండి.

డిస్క్ బాగున్నా సరే, వేరేచోట లేని ఫైళ్లుంటే లైవ్ పెన్‌డ్రైవ్‌తోనే వాటిని ముందు కాపీ చేసుకోవడం మంచిది.

రిపేర్ ఇలా

కింద చెప్పేవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఏ పార్టిషన్‌లో తేడా ఉందో తెర మీదే ఉంటుంది. ఉదాహరణకి ‘/డెవ్/ఎస్‌డీఏ2’. మీ దాంట్లో ఏ పేరుంటే అదే వాడండి.

మొదట ‘ఎఫ్‌ఎస్‌సీకే’, ఖాళీ, ‘హైఫన్ ఎన్’, ఖాళీ, పార్టిషన్ పేరు. ఇది చూస్తుంది తప్ప ఏదీ మార్చదు. చిట్టాని కూడా ముట్టుకోదు కాబట్టి ఉన్నవాటికంటే ఎక్కువ తప్పులు చూపించొచ్చు. జాబితా పొడుగ్గా ఉందని కంగారుపడొద్దు.

తర్వాత ‘హైఫన్ ఎన్’ బదులు ‘హైఫన్ వై’ పెట్టి మళ్లీ కొట్టండి. అన్నిటికీ అవునని చెప్పి దిద్దుకుంటూ పోతుంది. అయ్యాక ఇంకోసారి నడపండి. ‘క్లీన్’ అని వస్తే ‘రీబూట్’.

వాడకంలో ఉన్న, అంటే మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద రిపేర్ ఎప్పుడూ చేయకూడదు. ఇంకోటి, ఇదంతా ఈఎక్స్‌టీ4 కథ. ఫెడోరా డెస్క్‌టాప్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడుతోంది. దాని రిపేర్ కమాండ్‌ని తెలిసినవాళ్లని అడక్కుండా ముట్టుకోవద్దు.

సిస్టమ్ లేచాక ఏదైనా ఫైల్ కనిపించకపోతే ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ ఫోల్డర్ చూడండి. పేరు పోగొట్టుకున్న ఫైళ్లు అక్కడ నంబర్లతో ఉంటాయి.

రోజూ ఇదే గోలా?

కరెంటు పోకపోయినా ఇదే తెర వస్తుంటే మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్‌ని అనుమానించండి. అది అయిపోతే సిస్టమ్ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు ఎఫ్‌ఎస్‌సీకేకి, మీరు డిస్క్‌ని చివరిసారి వాడిన తేదీ భవిష్యత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక రోజులోపు తేడా అయితే సర్దుకుంటుంది గానీ, ఏళ్ల తేడా అయితే గొడవ చేస్తుంది. ఇలాంటప్పుడు మార్చాల్సింది ఆ చిన్న బటన్ సెల్లే, హార్డ్‌డిస్క్ కాదు.

‘ఎమర్జెన్సీ మోడ్’ అని వస్తే, తీసేసిన రెండో డిస్క్ పేరు ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైల్లో మిగిలిపోయిందేమో చూడండి. ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే తగిలించే డిస్క్ అయితే ఆ లైన్లో ‘నోఫెయిల్’ చేర్చితే సరి.

మరి ఫోన్‌లో ఎందుకు రాదు?

మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేదీ లైనక్స్ కెర్నల్ మీదే. అందులో ఉండేదీ ఈఎక్స్‌టీ4 లేదా ఎఫ్2ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమే. అయినా ఈ తెర మనం ఎప్పుడూ చూడం. ముఖ్యమైన కారణం ఒకటే: ఫోన్‌లో బ్యాటరీ ఉంది, హఠాత్తుగా కరెంటు పోదు. అంటే ఫోన్ తన యూపీఎస్‌ని తనలోనే పెట్టుకుని తిరుగుతోంది. డెస్క్‌టాప్‌కి ఆ వసతి మనమే ఏర్పాటు చేయాలి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ని చార్జర్ మీదే నడుపుతుంటే అదీ డెస్క్‌టాప్ కిందే లెక్క.

చివరగా, ఎఫ్‌ఎస్‌సీకే నుంచి ఎంత ఆశించాలో కూడా తెలియాలి. అది సరిచేసేది ఏ ఫైల్ ఎక్కడుందన్న లెక్కని. ఆ ఫైల్లో మీరు రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టు, అక్క పెళ్లి ఫొటోలు బాగున్నాయా లేదా అన్నది దాని పని కాదు. సిస్టమ్ చక్కగా లేచినా ఫైల్ సగం ఖాళీగా ఉండొచ్చు. దానికి మందు ఇంకో కాపీ ఒక్కటే. ఆదివారం పది నిమిషాలు కేటాయించి ముఖ్యమైనవి బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసి బీరువాలో పెట్టేయండి. కాపీ ఉన్నవాళ్లు ‘వై’ ధైర్యంగా కొట్టొచ్చు.