రోప్ లాగేశాక వెనక్కి దారి లేదు: కెన్యనింగ్ అసలు ఎలా చేస్తారు?

"127 అవర్స్" సినిమా చూశారా? మన రెహమాన్ గారు మ్యూజిక్ ఇచ్చింది. 2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, బ్లూజాన్ కెన్యన్‌లో ఆరన్ రాల్‌స్టన్ చెయ్యి సుమారు 360 కేజీల రాయి కింద ఇరుక్కుపోయింది. ఐదు రోజుల తర్వాత చెయ్యి కోసుకుని బయటపడ్డాడు. అందరికీ గుర్తుండేది ఆ సీనే. కానీ ఆ తర్వాత ఆయన మిగిలిన ఒక్క చేత్తో దాదాపు 20 మీటర్లు రోప్ మీద దిగాల్సి వచ్చింది. ఈ ఎపిసోడ్ ఆ దిగడం గురించే.

కొండ ఎక్కేటప్పుడు భయమేస్తే చాలాసార్లు దిగిపోవచ్చు. కెన్యన్‌లో ఆ ఛాన్స్ ఉండదు. ఎందుకో చూద్దాం.

బావి గిలక మీద చేంతాడు ఊహించుకోండి. పైన రాయికో చెట్టుకో గట్టి పట్టీ కట్టి, దానికి ఒక రింగ్ తగిలిస్తారు. రోప్‌ని ఆ రింగ్‌లోంచి సగానికి దూర్చి, రెండు కొసలూ కిందికి వదుల్తారు. అందరూ దిగాక ఒక కొస పట్టుకుని లాగితే, రెండో కొస పైకి వెళ్ళి, రింగ్‌లోంచి జారి కింద పడుతుంది. పట్టీ, రింగ్ అక్కడే ఉండిపోతాయి. ఇలా చేస్తే 60 మీటర్ల రోప్‌తో 30 మీటర్లే దిగగలం. ఆ రోప్ మళ్ళీ కావాలి, ఎందుకంటే కింద ఇంకో జలపాతం ఉంది.

సో, రోప్ కింద పడ్డ క్షణం నుంచి పైన నున్నటి గోడ, కింద ఇంకో దూకుడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్. అందుకే చివరి మనిషి ఇంకా పైన ఉండగానే కిందివాళ్ళు రోప్‌ని కొంచెం లాగి, కదుల్తోందో లేదో చూస్తారు. ఎక్కడైనా పట్టేస్తే సరిచెయ్యడానికి పైన ఒక మనిషి ఉండాలి కదా!

ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. మామూలు కొండ మీద రోప్ కొసకి ముడి వెయ్యమంటారు, జారి పడిపోకుండా. జోరుగా నీళ్ళు పారే చోట అదే ముడి ప్రాణం తీస్తుంది. జలపాతం నెత్తిన పడుతుంటే ముడి దగ్గర ఆగిపోయిన మనిషి పైకి రాలేడు, కిందికి పోలేడు. వేలాడుతూనే మునిగిపోతాడు. అందుకే అక్కడ కొసని నీటి మట్టం దాకా మాత్రమే వదిలి, ముడి లేకుండా ఉంచుతారు. కొస జారితే నేరుగా ఈదుకుంటూ వెళ్ళిపోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రమాదం. వాన మన మీద పడక్కర్లేదు. యూటాలోనే ఉన్న జయన్ నేషనల్ పార్కులో రాయి బోడిగా ఉంటుంది, నీళ్ళు ఇంకవు. ఎగువన పడ్డదంతా సందుల్లోకే దిగుతుంది. 2015 సెప్టెంబర్ 14న అక్కడి కీహోల్ కెన్యన్‌లోకి ఏడుగురు పర్మిట్ తీసుకునే దిగారు. ఆకస్మిక వరద రావచ్చని ఆ రోజు హెచ్చరిక ఉంది. ఏడుగురూ చనిపోయారు. అదే పార్కులో వర్జిన్ నది ఉత్తర పాయ ఆ రోజు దాదాపు 15 నిమిషాల్లో 55 క్యూసెక్కుల నుంచి 2,630కి పెరిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర లక్షల క్యూసెక్కులు వినే మనకి ఇది లెక్కే కాదనిపిస్తుంది. కానీ కీహోల్‌లో చాలా చోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగుల్తాయి. నీళ్ళకి పక్కకి పోయే చోటే లేదు, పైకి లేవాల్సిందే.

ఇది ఎక్స్‌పర్ట్‌ల గొడవ, మనకెందుకు అనుకోకండి. మనవాళ్ళు టూర్‌కి వెళ్ళే స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్ దగ్గరే, 1999 జులై 27న ఒక వాగులో ఇలాంటి వరదే వచ్చి 21 మంది పోయారు. గైడ్‌లతో, టికెట్ కొనుక్కుని వెళ్ళిన టూరిస్టులే ఎక్కువ.

మీరు ఎప్పుడైనా బుక్ చేసుకుంటే, హెల్మెట్ కొత్తదా పాతదా అన్నది తర్వాత. ఎగువన వాతావరణం ఎవరు చూస్తున్నారు, మొదటి రోప్ లాగేశాక మధ్యలో బయటికి ఎక్కే దారి ఎక్కడెక్కడ ఉంది, ఈ రెండూ గైడ్‌ని అడగండి. "ఏం కాదు సార్, రోజూ వెళ్తాం" అని నవ్వేస్తే, నేనైతే డబ్బులు పోయినా పర్లేదని అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తాను. రోప్ ఇంకా పైనే ఉంది కదా.